ఓటు ఊళ్లె, గోస పట్నంల!

పొద్దున ఎనిమిదింటికి మలక్‌పేట గంజి కాడ నిలబడి చూడండి. ఉల్లిగడ్డ లారీలు ఖాళీ అవుతుంటాయి. హమాలీలు బస్తాలు మోస్తుంటారు. నౌకర్లకు పోయేవాళ్లు మెట్రో మెట్లెక్కుతుంటారు. అక్కడి నుంచి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడవండి. దారిలో కలిసిన పది మందిని ‘మీదే ఊరు?’ అని అడగండి. నల్లగొండ అంటారు, సూర్యాపేట అంటారు, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట, ఖమ్మం అంటారు. పదిహేనేండ్ల సంది ఇక్కడే ఉన్నోడు కూడా ‘మాది మలక్‌పేట’ అనడు. అందులో తప్పేం లేదు. ఊరు ఊరే.

ఇప్పుడు రెండో ప్రశ్న అడగండి. ‘మీ ఓటెక్కడ?’

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చాయ్ హోటల్ దగ్గర నేను ఈ ప్రశ్న అడిగాను. నలుగురు నాలుగు జవాబులు చెప్పారు. సకల జనుల సమ్మెలో 42 దినాలు జీతం లేకుండా రోడ్డు మీద కూర్చున్న ఒక ఉద్యోగి, ‘‘ఊళ్లె ఉంది తమ్మీ, సర్పంచ్ ఎలక్షన్లకు పోయి ఏసొచ్చిన’’ అన్నాడు. గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లగాడు, ‘‘నాది గూడ ఊళ్లెనే అన్నా. ఇక్కడ ఎక్కిస్తే అక్కడ పోతదంట గద’’ అన్నాడు. ఆటో నడిపే అన్న, ‘‘మలక్‌పేటల ఉండె. మూడిండ్లు మారినం. ఇప్పుడుందో ఊడిందో తెల్వదు’’ అన్నాడు. జిరాక్స్ షాపాయన మాత్రం, ‘‘ఓటుంది సార్, ఎయ్యలే. కార్పొరేటర్ ఎవడైతే మనకేంది?’’ అని నన్నే ఎదురడిగాడు.

ఆ తర్వాత నలుగురూ కలిసి అరగంట సేపు ఏం మాట్లాడుకున్నారో తెలుసా? మోరీ పొంగుడు గురించి. చెత్త బండి రాకపోవుడు గురించి. వానొస్తే సెల్లార్లకు నీళ్లొచ్చుడు గురించి. నలుగురి గోస ఒక్కటే, అదంతా బల్దియా గోసే. ఆ బల్దియాకు ఓటేసినోడు ఆ నలుగురిలో ఒక్కడు లేడు.

మిత్రులారా, మన ముచ్చట ఇట్లా ఉంది. బతుకు పట్నంలో, ఓటు ఊళ్లో.

ఓటుకూ మంటకూ నడుమ ఆరు రోజులు

ముందు నా తప్పు చెప్పుకొని తర్వాత పక్కోడి తప్పు చెబుతాను.

2009లో నేను డిగ్రీ ముగించి దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉన్నాను. ఒక్క రూములో నలుగురం. ఆ ఏడాది అక్టోబరులో పోలీసు నియామకాల విషయంలో హైదరాబాద్ ఫ్రీ జోన్ అని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మా నెత్తురు మరిగింది. 14ఎఫ్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. ముల్కీ నిబంధనలు, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 610 జీవో అన్నీ కంఠస్థం. ‘హైదరాబాద్ మాది’ అని గొంతు పోయేదాకా అరిచాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2009 నవంబరు 23న, గ్రేటర్ హైదరాబాద్ బల్దియాకు మొట్టమొదటి ఎన్నిక జరిగింది. ఉద్యమ పార్టీ టీఆర్ఎస్ పోటీలో లేదు. ‘మనోళ్లు లేనప్పుడు మనకెందుకు’ అనుకున్నాం. మా రూములో నలుగురిలో ఒక్కరం కూడా ఓటేయలేదు. అసలు ఓటు ఉందో లేదో చూసుకున్నోడే లేడు. 150 డివిజన్లలో కాంగ్రెస్ 52, టీడీపీ 45, మజ్లిస్ 43 గెలుచుకున్నాయి. ‘హైదరాబాద్ మాది’ అన్న మాకు హైదరాబాద్ బల్దియాలో ఎవరు గెలిచారో పేపర్లో చూసే ఓపిక కూడా లేకపోయింది.

ఆరు రోజులు గడిచాయి. నవంబరు 29న కేసీఆర్‌ను అరెస్టు చేశారు. అదే రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. మోత్కూరు మండలం పొడిచేడు బిడ్డ. మా నల్లగొండోడు, మా ఈడోడు. డిసెంబరు 3న ప్రాణం విడిచాడు. మర్నాడు, డిసెంబరు 4న, బల్దియాకు మేయర్‌ను ఎన్నుకున్నారు. డిసెంబరు 9న కేంద్రం ప్రకటన వచ్చింది.

ఈ తేదీలన్నీ పక్కపక్కన రాసుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ పది రోజులు మేం రోడ్ల మీదనే ఉన్నాం. లాఠీలు తిన్నాం, అరెస్టయినాం. కానీ శ్రీకాంతాచారి కాలిపోయిన ఆ చౌరస్తా ఏ డివిజన్ కిందికి వస్తుంది, అక్కడ గెలిచింది ఎవరు అని అడిగితే మాలో ఒక్కడు చెప్పలేడు. రాష్ట్రం కావాలని కొట్లాడినోళ్లం. మేం నిలబడ్డ గల్లీ మాత్రం మాకు పట్టలేదు.

అప్పుడంటే ఉద్యమం వేడిలో ఉన్నాం, రాష్ట్రం వస్తే అన్నీ వస్తాయనుకున్నాం. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. మరి ఆ తర్వాత?

సగం మంది కూడా కదల్లేదు

2016 ఫిబ్రవరి 2న సొంత రాష్ట్రంలో మొదటి బల్దియా ఎన్నిక జరిగింది. ఓటేసినవాళ్లు 45 శాతం. 2020 డిసెంబరు 1న మళ్లీ జరిగింది. 46.55 శాతం. 74 లక్షల పైచిలుకు ఓటర్లుంటే ముప్పై నాలుగున్నర లక్షల మంది వేశారు. దగ్గర దగ్గర 40 లక్షల మంది ఇంట్లో కూర్చున్నారు, లేదా ఊళ్లకు పోయారు. 2020లో పోలింగ్ మంగళవారం వచ్చింది. సోమవారం కార్తీక పౌర్ణమి, గురునానక్ జయంతి సెలవు. దానికి ముందు శని, ఆదివారాలు. నాలుగు దినాల సెలవు కలిసొచ్చిందని బస్సులెక్కి పోయినవాళ్లు తక్కువేం కాదు.

అదే మనుషులు ఊళ్లకు పోతే ఏం చేస్తారో చూడండి. 2025 డిసెంబరులో గ్రామ పంచాయతీ ఎన్నికలు మూడు విడతల్లో జరిగాయి. మూడు విడతల్లోనూ పోలింగ్ 80 శాతం దాటింది. ఎల్బీనగర్ రింగు రోడ్డు కాడ బస్సుల్లో నిలబడే జాగ లేకుండా జనం పోయారు. కాబట్టి తెలంగాణోడికి ఓటు మీద సోయి లేదని ఎవడైనా అంటే నేనొప్పుకోను. సోయి ఉంది. అది ఊరికే ఉంది, పట్నానికి రాలేదు.

దీని ఫలితం ఏమిటో చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక డివిజన్‌లో 50 వేల ఓట్లున్నాయి అనుకోండి. నూటికి 45 మంది వేస్తే పడేవి 22,500. ముగ్గురు గట్టిగా పోటీ చేస్తే 9 వేల ఓట్లు వచ్చినోడు కార్పొరేటర్. అంటే నూటికి 18 మంది మెప్పు ఉంటే చాలు. ఆ 9 వేల మందిని కూడగట్టడానికి ఏం కావాలి? నాలుగు బస్తీలు, కొన్ని సీసాలు, కొన్ని నోట్లు. మిగిలిన 41 వేల మంది మోరీ గురించి చాయ్ హోటళ్లలో ఎంత మొత్తుకున్నా ఆయనకు నష్టం లేదు. అదే నూటికి 75 మంది కదిలితే అతనికి 15 వేలు కావాలి. అప్పుడు కొనుడు కష్టమవుతుంది, పని చేసి అడుగుడు మొదలవుతుంది.

ఒక్క ఓటుతో ఏమైతది అనేవాళ్లకు ఇంకో మాట. 2020లో మన పక్కనే బీఎన్ రెడ్డినగర్ డివిజన్‌లో గెలిచినోడికీ ఓడినోడికీ నడుమ తేడా వంద ఓట్లు కూడా లేదు. ఒక్క అపార్ట్‌మెంట్ జనం బద్ధకిస్తే ఫలితం అటుదిటు అయ్యేంత తేడా!

ఊరి ఓటు ఎందుకు వదలం?

ఊరి ఓటు పట్టుకున్నవాళ్లను తిట్టడం సులువు. కానీ కారణాలున్నాయి. సర్పంచ్‌కు మనం తెలుసు. మనింటికొచ్చి ‘మామా, ఓటు నాకే’ అని అడుగుతాడు. బస్సు కిరాయి కూడా పంపుతాడు. తల్లిదండ్రులు అక్కడే ఉన్నారు, భూమి పట్టా అక్కడే ఉంది, ఓటు తీసేసుకుంటే ఊళ్లో మన మాటకు విలువ పోతుందని భయం. పట్నంలో కార్పొరేటర్‌కు మనమెవరో తెలియదు. పోస్టర్ మీద తప్ప ఆయన మొఖం మనకూ తెలియదు.

ఇంకో కారణం కిరాయి బతుకు. మలక్‌పేట, సైదాబాద్, గడ్డిఅన్నారం, చైతన్యపురిలో సగం జీవితం కిరాయి ఇండ్లల్లోనే పోయేటోళ్లం. ఇంటి ఓనర్‌కు తన ఇంటి నంబరు మీద కిరాయిదారు ఓటు ఎక్కితే ఇల్లే పోతుందన్నంత భయం. ‘‘ఓటు గీటు ఏం వద్దు సార్, రేపు ఖాళీ చేసేటోళ్లే గద’’ అంటాడు. అది ఒట్టి అపోహ. ఓటరు జాబితాలో పేరుంటే ఇంటి మీద హక్కు రాదు. అయినా ఆ అపోహ వల్ల ఎందరి ఓట్లు గాలిలో ఉన్నాయో!

అయితే ఒక మాట గట్టిగా అనుకోవాలి. చాలామంది రెండు చోట్లా పేరు ఉంచుకుంటున్నారు. ఊళ్లో ఒకటి, పట్నంలో ఒకటి. తెలివితేటలు అనుకుంటున్నారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషికి ఒక్క చోటే ఓటు. రెండు చోట్ల పేరుండకూడదు. దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది దాకా శిక్ష పడొచ్చు. దొంగ ఓట్లని ఒకప్పుడు అవతలోళ్లను తిట్టినోళ్లం, ఆ పనే మనం చేస్తే ఎట్లా?

మరి ఎక్కడ ఉంచుకోవాలి? చట్టం చెప్పేది సాధారణంగా నివసించే చోట. ముల్కీ కొట్లాట నుంచి 610 జీవో దాకా మనం అడిగింది కూడా ఆ మాటే కదా! ఎవడు ఇక్కడ ఉంటున్నాడో, ఎవడి బతుకు ఇక్కడిదో వాడికే ఇక్కడి నౌకరి అన్నాం. స్థానికత కోసం రక్తం కార్చినోళ్లం. ఇరవై ఏండ్లు మలక్‌పేటలో ఉండి, పిల్లలను ఇక్కడే చదివించి, ఓటు దగ్గరకొచ్చేసరికి నేను ఇక్కడోణ్ని కాదంటే ఆ వాదన ఏమైనట్టు?

నీళ్లు వచ్చిన రోజు

‘కార్పొరేటర్ ఎవడైతే మనకేంది’ అన్న జిరాక్స్ షాపాయనకు నేనొక రోజు గుర్తు చేశాను. 2020 అక్టోబరు 13 రాత్రి.

ఆ రాత్రి కురిసిన వాన ఎవరూ మరువలేదు. సరూర్‌నగర్ చెరువు నిండి పొంగింది. కోదండరాంనగర్, సీసాలబస్తీ, పీ అండ్ టీ కాలనీ నీళ్లలో మునిగాయి. ఇండ్ల ముందు బండ్లు తేలినయి. రోజుల తరబడి జనం మేడల మీదనే ఉన్నారు. పడవల మీద పాలు, బ్రెడ్డు పంచారు. మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మీదుగా పారింది. మలక్‌పేట రైల్వే వంతెన కింద ఎప్పటిలాగే చెరువు.

ఆ నీళ్లు ఆకాశం నుంచి మాత్రమే రాలేదు. పైన మీర్‌పేట చెరువుల నుంచి కిందికి వచ్చే నాలా ఎక్కడ సన్నబడింది, ఎవరి గోడ దాని మీదకు వచ్చింది, పూడిక తీశామని ఎవరు బిల్లు రాసుకున్నారు... ఇవన్నీ బల్దియా లెక్కలు. నాలా మీద ఇల్లు లేచినప్పుడు దాన్ని మొదట చూసేది మంత్రి కాదు, ముఖ్యమంత్రి కాదు. మన డివిజన్ కార్పొరేటర్. చూసి నోరు మూసుకుంటాడా, కొట్లాడుతాడా అన్నది మనం ఎవరిని పంపామన్న దాని మీద ఉంటుంది.

మునిగిన కుటుంబాలకు ప్రభుత్వం 10 వేల రూపాయలు ప్రకటించింది. కొందరికి అందాయి, కొందరికి అందలేదు. మీ సేవ కేంద్రాల ముందు ఆడోళ్లు చంటిపిల్లలను ఎత్తుకొని లైన్లలో నిలబడ్డారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపింది. పది వేల కోసం పొద్దు నుంచి రాత్రి దాకా నిలబడిన ఓపిక మనకుంది. ఓటు కోసం అరగంట నిలబడే ఓపిక మాత్రం సగం మందికి లేకపోయింది.

నిలబడ్డ చోట ఏమైందో కూడా చెప్పాలి. ఎల్బీనగర్ నియోజకవర్గంలో అప్పుడు 11 డివిజన్లు. పదకొండింటిలోనూ అధికార పార్టీ ఓడిపోయింది. గెలిచిన పార్టీ మంచిదా, ఓడిన పార్టీ చెడ్డదా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. జనం కోపం ఓటు పెట్టెలో పడితే హైదరాబాద్ అంతా వినిపిస్తుంది అన్నదే విషయం. ఆ మర్నాటి ఏడాది, 2021లో, నాలాల కోసమని వేరే పథకం పెట్టి ఈ వైపు కూడా పనులు మొదలుపెట్టారు. వరద ఒక్కటే అయితే పరామర్శలతో పోయేదేమో. వరదా, ఓటూ కలిసి వచ్చినయి కాబట్టి కదిలారు.

2025-26కు బల్దియా బడ్జెట్ 8,440 కోట్లు. అందులో మన ఇంటి పన్ను ఉంది. ఎవడైతే మనకేంది అనేంత చిన్న సొమ్ము కాదు.

పాత మలక్‌పేటలో నేను తప్పిన పోలింగ్

ఇక నా రెండో తప్పు. 2020 నాటికి నేను పాత మలక్‌పేటలో కిరాయికి ఉన్నాను. ఓటు అక్కడికే మార్చుకున్నాను. డిసెంబరు 1న పదింటి ప్రాంతంలో బూత్‌కు పోయేసరికి పోలింగ్ ఆగింది. కరోనా కాలం కాబట్టి ఆ ఎన్నిక బ్యాలెట్ పేపర్ల మీద జరిగింది. పాత మలక్‌పేట డివిజన్ బ్యాలెట్‌లో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి కొడవలి ఉండాలి. దానికి బదులు సీపీఎం గుర్తు సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. ఎన్నికల సంఘం ఆ డివిజన్ మొత్తం పోలింగ్ రద్దు చేసి, డిసెంబరు 3న 69 కేంద్రాల్లో మళ్లీ పెట్టింది.

ఆ డివిజన్‌లో ఓటర్లు దాదాపు 55 వేలు. రీపోలింగ్‌కు వచ్చింది నూటికి నలభై మంది కూడా లేరు. రానివాళ్లలో నేనొకణ్ని. పొద్దున పోదామనుకున్నాను, ఆఫీసు పని పడింది. సాయంత్రం పోదామనుకున్నాను, పొద్దు గూకింది. ఆ రోజు ఆఫీసులో కూర్చొని నేను రాసిన వార్త ఏమిటో తెలుసా? పాత మలక్‌పేటలో ఓటర్లు రాలేదని! నన్ను గురించి నేనే వార్త రాసుకున్నాను.

తప్పు అచ్చు వేసినవాళ్లది. నిజమే. కానీ వాళ్ల తప్పుకు నా బద్ధకాన్ని కలిపి పోలింగ్‌ను ఇంకింత తగ్గించింది నేను. అంతకుముందు రాత్రి దాకా ‘మనల్ని ఎవరూ పట్టించుకోరు’ అని మాట్లాడినవాణ్ని కూడా నేనే.

పాలకవర్గం లేని కాలం

ఇంకో సంగతి మనం గమనించం. బల్దియాకు ఎన్నికైన పాలకవర్గం లేని కాలాలు ఎక్కువే ఉన్నాయి. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ చేశారు. ఎన్నిక పెట్టింది 2009 నవంబరులో. రెండున్నరేండ్లు ఆఫీసర్ల పాలన. ఆ పాలకవర్గం 2014 డిసెంబరులో దిగిపోతే మళ్లీ ఎన్నిక 2016 ఫిబ్రవరిలో. ఏడాది మీద రెండు నెలలు ఖాళీ. 2021లో వచ్చిన పాలకవర్గం గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది.

ప్రభుత్వం ఏ పార్టీదైనా, ఏ రాష్ట్రందైనా, ఎన్నిక ఆలస్యం చేసేందుకు ఎందుకు జంకదు? మనం అడగం కాబట్టి. ఊళ్లో సర్పంచ్ ఎన్నిక ఆరు నెలలు ఆగితే రచ్చబండ కాడ లొల్లి. పట్నంలో కార్పొరేటర్ లేడని ఎవడైనా ధర్నా చేసిండా? సగం మంది ఓటేయని ఎన్నిక ఎప్పుడు పెట్టినా ఒక్కటే అని పాలకులకు ధైర్యం.

ఇప్పుడేం చెయ్యాలె?

ఏ పార్టీకి వెయ్యాలో నేను చెప్పను. ఈ పేజీలు చదివేవాళ్లకు అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. వేసే దాకా చేసుకోవాల్సిన తయారీ మాత్రం చెబుతాను.

ఒకటి. ఓటు ఎక్కడో తేల్చుకోండి. బతుకు నిజంగా ఊళ్లోనే ఉంటే, పట్నానికి నాలుగు నెలలకో పని మీద వస్తుంటే, ఊళ్లోనే ఉంచుకోండి. లేదంటే ఇక్కడికి తెచ్చుకోండి. నాయనతో, అమ్మతో మాట్లాడి ఒప్పించండి. రెండూ మాత్రం వద్దు. యూనివర్సిటీ, కాలేజీ కోర్సు చదువుతూ హాస్టల్లో ఉండే విద్యార్థికి ఇంటి దగ్గరైనా, హాస్టల్ దగ్గరైనా ఏదో ఒక చోట ఎంచుకునే వీలుంది. కాలేజీ నుంచి బోనఫైడ్ తెచ్చుకోవాలి.

రెండు. జాబితాలో పేరు కండ్లారా చూసుకోండి. జేబులో ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. జాబితాలో పేరుంటేనే ఓటు. కొత్తవాళ్లకు ఫారం 6. ఇల్లు మారినవాళ్లకు ఫారం 8. పద్దెనిమిదేండ్లు నిండడానికి ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మొదటి తేదీలు నాలుగూ లెక్కే. కిరాయిదారులకు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, గ్యాస్ బిల్లు లాంటి చిరునామా కాగితం చాలు. ఓనర్ సంతకం కోసం బతిమాలాల్సిన పని లేదు. బల్దియా ఎన్నికల జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు. కాబట్టి నోటిఫికేషన్ దాకా ఆగి ఆగమాగం కావద్దు. ఇప్పుడే పని.

మూడు. మీ డివిజన్ ఏదో తెలుసుకోండి. 2025 డిసెంబరులో చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను గ్రేటర్‌లో కలిపి డివిజన్లను 150 నుంచి 300 చేశారు. పాత గీతలు చెరిగిపోయాయి. మీ గల్లీకి ఇటు పక్క ఒక డివిజన్, అటు పక్క ఇంకోటి అయి ఉండొచ్చు. అసలే మన వైపు గందరగోళం. మలక్‌పేట అసెంబ్లీ సీటు హైదరాబాద్ జిల్లాలో, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లాలో, సరూర్‌నగర్ పోతే మహేశ్వరం నియోజకవర్గంలో. రేపు ఏ కార్పొరేషన్ కింద ఉన్నా, ఏ నంబరు పడ్డా, మీ గల్లీ ఏ డివిజన్, మీ బూత్ ఏ బడిలో అన్నది ముందే చూసి పెట్టుకోండి. పోలింగ్ రోజు ఎండలో మూడు బడులు తిరిగి వాపస్ వచ్చినవాళ్లను నేను చూశాను.

నాలుగు. ప్రశ్నలు తయారు చేసుకోండి. అభ్యర్థి నామినేషన్‌తో పాటు తన కేసులు, ఆస్తులు, చదువు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. అది తీసి చదవండి. కాలనీ సంఘం తరఫున అభ్యర్థులందరినీ ఒక్క చోటికి పిలవండి. మన కాలనీ నీళ్లు ఏ నాలాలోకి పోతయి? అది ఎక్కడ మూసుకుపోయింది? చెత్త ఎక్కడ పోస్తున్నరు? పార్కు జాగ మీద కేసు ఎంతవరకొచ్చింది? చట్టంలో వార్డు కమిటీ ఉంది, దానికి కార్పొరేటరే అధ్యక్షుడు. గెలిస్తే దాన్ని నడుపుతావా? ఇవి అడగండి. సగం సీట్లు ఆడవాళ్లకు ఉన్నాయి. నామినేషన్ ఆమెది, ఫోన్ నంబరు ఆయనది అయితే, ‘‘అమ్మా, జవాబు నువ్వే చెప్పాలె’’ అని మర్యాదగా, గట్టిగా అడగండి.

ఐదు. పోలింగ్ రోజును సెలవు అనుకోకండి. పొద్దున్నే పోండి. పక్కింటి పెద్దమనిషిని బండి మీద తీసుకుపోండి. హాస్టల్ పిల్లలు రూము రూముకూ తట్టండి. ఉద్యోగులు సంఘం తరఫున కాలనీల్లో తిరగండి. సకల జనుల సమ్మెలో ఆఫీసు ఆఫీసుకూ పోయి కదిలించినోళ్లకు అపార్ట్‌మెంట్లలో బెల్లు కొట్టుడు కష్టమా? ఒకవేళ పోలింగ్ రద్దయి మళ్లీ పెడితే, మళ్లీ పోండి. ఈ మాట నాకు నేను చెప్పుకుంటున్నాను.

నోట్ల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ‘వాళ్ల డబ్బే కదా, తీసుకొని మనకు నచ్చినోడికి వేద్దాం’ అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. ఇంటికి రెండు వేలిచ్చి గెలిచినోడు ఐదేండ్లలో దానికి పదింతలు మన మోరీలోంచే తీసుకుంటాడు. తీసుకున్నంక నిలదీసే మొఖం మనకుండదు.

మిత్రులారా, ఎల్బీనగర్ చౌరస్తా మీదుగా రోజూ పోతుంటాం. పైన ఫ్లైఓవర్లు, మెట్రో వచ్చాయి. శ్రీకాంతాచారి నిలబడ్డ నేల కింద ఉంది. ఆ నేల మీద వాననీళ్లు ఆగకుండా చూసేది ఎవరు అని అడిగే హక్కు మనకుంది. ఆ హక్కు దేవరకొండ బూత్‌లో, సూర్యాపేట బూత్‌లో దొరకదు.

ఈసారి చాయ్ హోటల్ కాడ ఎవరైనా ‘నీ ఓటెక్కడ?’ అని అడిగితే ‘ఇక్కడ్నే’ అని చెప్పేటట్టు ఉందాం. నేను మొన్ననే పోయి జాబితాలో నా పేరు చూసుకొని వచ్చాను. ఉంది. మీరు కూడా ఈ పేపరు మడిచి పక్కన పెట్టి ఇవ్వాళ్లే చూసుకోండి.